అక్కకు గ్యాస్ వద్దు

ఫిబ్రవరి 9

పిచ్చుకమ్మకు,

అక్క దీవెనలు. ఒంట్లో బాగుందని, ఎప్పటిలాగే గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నావని అనుకుంటున్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే మీ బావ దాన్ని నా చెవికి ఆనించారు. ఎక్కడో దూరాన తేనెటీగ తిరుగుతున్నట్టు అనిపించింది గాని, అందులో మాట ఒక్కటీ దొరకలేదు. నీ నోట మాట రాకపోవడమన్నది ఉండదు కనుక లోపం నాదే. ఇకమీదట ఉత్తరాలే రాయి తల్లీ.

చెవులు రెండూ మందగించాయి. కుడిచెవి చీము ఆగడం లేదు. నాకోసం గొంతు పెంచీ పెంచీ, మీ బావ గుసగుస ఇప్పుడు వీధి చివరి ఇస్త్రీ కొట్టుదాకా వినిపిస్తోందట. పై వాటా ఆవిడ జుట్టుకు రంగు వేస్తుందని మొన్న నాతో రహస్యంగా చెప్పారు. సాయంత్రానికి ఆవిడ మా గుమ్మం ముందు నుంచి మొహం తిప్పుకుని వెళ్లింది. ప్రార్థనకు వెళ్తే, అందరూ పాట ముగించాక కూడా నేనొక్కదాన్నే పాడుతుంటాను. పక్కావిడ మోచెయ్యి తట్టి ఆపుతుంది. దేవుడికి ఇబ్బంది లేదనుకో, మిగతావాళ్లకే. కుట్టు కొట్లో మాత్రం ఏ లోటూ లేదు. కాజాలు తీయడానికి చెవులెందుకు?

చెవి డాక్టరు స్కాన్ చూసి, చెవి వెనక ఎముక పుచ్చుతోందని, ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే అది లోపలికి పాకుతుందని కాగితం మీద రాసి చూపించాడు. చేయించుకుంటే ఆ చెవి మళ్లీ వినిపించవచ్చట. నేను తల ఊపి వచ్చేశాను. మన ఇంటికి ఆపరేషన్ అచ్చిరాదు. విరిగిన కాలు అతికించుకోవడానికి వెళ్లిన నాన్న మరి ఇంటికి రాలేదు. దేవుడు ఎంత వినిపిస్తే అంతే వింటాను. ఈ ఒక్క విషయంలో నన్ను బతిమాలకు.

నిన్ను తలుచుకునే
అక్క

ఫిబ్రవరి 16

అక్కా,

వద్దంటే ఊరుకునే రకమైతే నాకు పిచ్చుక అని పేరెందుకు పెడతావు? బతిమాలను. తిడతాను.

ఇరవై రెండేళ్లుగా ఈ ఆసుపత్రిలో మత్తు యంత్రం దగ్గర నిలబడుతున్నాను. రోగిని నిద్రపుచ్చే డాక్టరమ్మకు యంత్రం, గొట్టాలు, మందులు సిద్ధం చేసి అందించడం నా పని. ఎవరెవరి అక్కలనో నిద్రపుచ్చి లేపాం. మా అక్క మాత్రం ఆపరేషన్ అచ్చిరాదని ఇంట్లో కూర్చుంటుందా? బావగారు నీ స్కాన్ ఫొటో తీసి పంపారు (ఆయన్ని ఏమీ అనకు, నేనే అడిగాను). మా చెవి సర్జన్ చూసి, రెండు నెలలకు మించి ఆగొద్దన్నారు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదు గాని, నువ్వు ఇంకా తల కూడా పెట్టలేదు.

ఇంకో మాట. టీ తాగుతూ డాక్టరమ్మకు మన సంగతి చెబుతున్నాను. మనల్ని నాయనమ్మ దూదిబొమ్మలనేదని, మన ఇంట్లో అందరూ ఆలస్యంగా నడిచినవాళ్లేనని, నేల మీద నుంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు పెట్టి మన ఒంటిని మనమే ఎక్కుతామని నవ్వుతూ చెప్పాను. బడి పరుగుపందెంలో నువ్వు ఆఖరున వచ్చావనీ, ఆరేళ్ల తర్వాత అదే బడిలో ఆ స్థానం నేను నిలబెట్టాననీ కూడా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. టీ కింద పెట్టేసి, మీ నాన్న ఎలా పోయారు అని అడిగింది. నాకు అప్పుడు నాలుగేళ్లు, ఏం తెలుసు? ఆపరేషన్ గదిలో పోయారని మాత్రం అన్నాను.

"మీ అక్కకు ఆ రోజు గుర్తుందా? ఒక్క ముక్క వదలకుండా రాయించు" అంది.

అందుకని రాయి. వద్దని ఒక్క ముక్కలో రాసి తప్పించుకోకు.

నీ నోటి దురుసు చెల్లెలు

ఫిబ్రవరి 24

పిచ్చుకా,

నీ తిట్లు అందాయి. వాటిని చదవడానికి చెవులక్కర్లేదు కనుక బాగానే తగిలాయి.

నాన్న సంగతి రాయడానికి మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నాకప్పుడు పదేళ్లు. నాన్న దుకాణాల బోర్డులు రాసేవారు కదా, నిచ్చెన జారి కాలు విరిగింది. పొద్దున్నే చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్లారు. నేనూ నాయనమ్మా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. బల్లకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేసినట్టున్నారు, నా గౌనుకు అంటుకుంది.

కాసేపటికి లోపలి నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చి ఎదురు వీధిలోకి వెళ్లి ఐసు దిమ్మలు మోసుకొచ్చాడు. ఆపరేషన్‌కు ఐసెందుకో మాకు తెలియలేదు. తర్వాత ఆయా వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ముక్కు మీద గ్యాస్ మూత పెట్టిన కాసేపటికే దవడ బిగుసుకుపోయిందట, నోరు తెరవడానికి ఎవరివల్లా కాలేదట. ఒళ్లంతా చెక్కలా అయి, చెయ్యి ఆనించలేనంత కాలిపోయిందట. మధ్యాహ్నం కాకముందే అంతా అయిపోయింది. కాలు విరిగినవాడు ఒళ్లు కాలి పోవడమేమిటని నాయనమ్మ చివరిదాకా అడుగుతూనే ఉండేది.

ఇందులో ఇంకొకటి ఉంది. అది కాగితం మీద పెట్టడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. నాన్న ఎందుకు పోయారో మీ డాక్టరమ్మకంటే నాకే బాగా తెలుసు. అంతవరకే.

పై వాటా ఆవిడ మళ్లీ మాట్లాడుతోంది. రంగు ఏ కంపెనీదో అడిగి మీ బావే మాట కలిపారట.

అక్క

మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం డాక్టరమ్మ రెండుసార్లు చదివి, మూడోసారి సర్జన్‌కు చదివి వినిపించింది. కళ్లజోడు తుడుచుకుని, "ఈ ఉత్తరం రాకపోతే ఆమెకూ అందరికీ పెట్టినట్టే గ్యాస్ పెట్టేవాళ్లం" అంది.

విషయం ఇదీ. కండరాల్లో పుట్టుకతోనే బలహీనత ఉన్న కొన్ని కుటుంబాలుంటాయి. అందరికీ నిద్ర తెప్పించే ఆ గ్యాస్ వాళ్ల కండరాల్లో మంట పెడుతుంది. కండరం బిగుసుకుపోతుంది, ఆగకుండా పనిచేసి ఒంటిని కాల్చేస్తుంది. దవడ, చెక్క, కాలిన ఒళ్లు, ఐసు అంటూ నువ్వు రాసింది చదువుతుంటే వైద్య పుస్తకంలో పేజీ చదివినట్టుందట. మన దూదిబొమ్మల వంశం అలాంటిదే కావచ్చు. కాదని తేలేదాకా అవుననే అనుకోవాలంది.

కాబట్టి నీకు గ్యాస్ ఇవ్వరు. అంతే, సమస్య తీరిపోయింది. గ్యాస్ బుడ్లను నా చేత్తోనే యంత్రం నుంచి ఊడదీస్తాను. గొట్టాలన్నీ కొత్తవి వేస్తాను. ముందు రోగుల గ్యాస్ వాసన కూడా మిగలకుండా గంటలకొద్దీ ఆక్సిజన్‌తో యంత్రాన్ని కడిగేస్తాను. గ్యాస్ అనే మాటే లేకుండా చేస్తాను, సరేనా?

ఏప్రిల్ 12, పొద్దున మొదటి ఆపరేషన్ నీదే. మూడు గంటలు పడుతుంది. డ్రిల్లుతో ఎముక మెల్లగా తొలవాలి కదా, సర్జన్ తొందరపడే మనిషి కాదు. ధైర్యంగా వచ్చెయ్యి.

నలభై ఏళ్ల కిందటి ఆయా మాటలు పొల్లు పోకుండా దాచిన చెవులు చెవిటివంటే నేను నమ్మను.

పిచ్చుక

మార్చి 13

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మీ బావకిచ్చాను. చదివి, నోరు మెదపకుండా కూర్చున్నారు. మా ఇంట్లోంచి గంటసేపు ఏ శబ్దమూ రాకపోయేసరికి, అంతా క్షేమమేనా అని ఇస్త్రీ కొట్టతను వచ్చి తలుపు కొట్టాడట. తర్వాత మీ బావ పలక మీద, "గ్యాస్ లేకుండానా? మూడు గంటలా? డ్రిల్లుతోనా?" అని రాసి చూపించారు. చెల్లెలు అలాగే రాసింది కదా, దానికి తెలియదా అన్నాను.

వస్తాను. గ్యాస్ లేకుండానే కానివ్వండి.

ఆ రోజు రాయలేనిది ఇప్పుడు రాస్తాను. ఆ పొద్దున వరండాలో నాన్న దాహమన్నారు. ఏమీ తాగించకూడదని నర్సు చెప్పే ఉంది. నాయనమ్మ కాగితాల మీద వేలిముద్ర వేయడానికి వెళ్లింది. "ఒక్క చుక్క పోయవే అమ్మలూ, నోరు ఎండిపోయింది" అన్నారు. చెంచాతో రెండుసార్లు పోశాను. తర్వాత ఆ నర్సు నా చేతిలో చెంచా చూసి, "నీళ్లిచ్చావా? మీ నాన్నని చంపుకుంటావే" అంది. మధ్యాహ్నానికి అన్నంత పనీ అయింది.

నాయనమ్మకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. రోజూ ప్రార్థనలో దేవుడికి మాత్రం చెబుతాను, ఆయన ఇంతవరకు జవాబు చెప్పలేదు. అందుకే ఈ ఆపరేషన్ ఇలా జరగడం నాకు తగినదే అనిపిస్తోంది. నువ్వు నన్ను చూసి బాధపడకు. నీతో పనిచేసేవాళ్ల ముందు నీకు తలవంపులు తేను. నా మటుకు నేను సిద్ధపడుతున్నాను.

అక్క

మార్చి 20

అక్కా, అమ్మలూ,

నాన్న నిన్ను అమ్మలూ అనేవారని నాకు ఇప్పుడే తెలిసింది.

ఇది నేను చెప్పే మాట కాదు, డాక్టరమ్మ మాట. నాకు అబద్ధమాడే అలవాటుందని నీకు అనుమానం వస్తుందని ఆవిడ చేతనే కింద సంతకం పెట్టించాను. చూడు. ఆపరేషన్ ముందు ఏమీ తాగించకూడదన్నది నిజమే. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి వస్తుందని భయం. అలా వస్తే దగ్గు, ఆయాసం వస్తాయి. అంతేగాని దవడ బిగుసుకోదు, ఒళ్లు చెక్కలా మారదు, ఐసు దిమ్మలు కరిగేంత జ్వరం రాదు. రెండు చెంచాల నీళ్లు ఆ పని చేయలేవు. ఆ పని చేసింది గ్యాస్. నువ్వు బిందెడు నీళ్లు పోసినా, చుక్క పోయకపోయినా నాన్నకు ఆ రోజు అదే జరిగేది. అప్పట్లో అక్కడ ఎవరికీ ఇది తెలియదు. ఎవరూ తప్పు చేయలేదు. నువ్వైతే దాహమన్నవాడికి నీళ్లిచ్చావు. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు తెలియదు.

తలవంపులేమిటి నీ మొహం? ఆపరేషన్ గదిలో అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు, డాక్టరమ్మను పేరు పెట్టి తిట్టేవాళ్లు, అందరూ మాకు అలవాటే. నువ్వేం చేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

జాగ్రత్త కోసం విరుగుడు మందు కూడా పక్క ఆసుపత్రి నుంచి తెప్పించాం. ముప్పై ఆరు సీసాలు. అది పొడి, ఒక్కో సీసాలో నీళ్లు పోసి కరిగేదాకా ఊపాలి. ఖాళీ సీసాలతో భోజనాల వేళ అందరిచేతా ఊపించి సాధన చేయిస్తున్నాను. వంటగది ఆవిడ చూసి, వీళ్లకి పిచ్చెక్కిందని ఊరంతా చెబుతోంది. వాటితో అవసరం రాదు. అయినా ఉంటాయి.

పిచ్చుక

మార్చి 28

బంగారు తల్లికి,

మీ డాక్టరమ్మ సంతకం ఉన్న కాగితాన్ని ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. దేవుడు జవాబు చెప్పలేదని రాశాను. తప్పు. నీ చేత రాయించడానికి నిన్ను చదివించి, ఉద్యోగంలో పెట్టి, ఇరవై రెండేళ్లు తిప్పాడు. ఆయన పద్ధతి కొంచెం చుట్టుదారి.

చదివాక నేను ఏడవలేదు. లేచి, పెద్ద గ్లాసుతో నీళ్లు తాగాను. కడుపు నిండా తాగాను. నలభై ఏళ్లుగా ఎవరికి నీళ్లిచ్చినా నా చెయ్యి కొంచెం వణికేది. మొన్న మీ బావకిస్తే వణకలేదు.

ఇది నాకు శిక్ష కాదని తెలిశాక భయం ఎక్కువైంది చూశావా. శిక్షైతే ఓర్చుకోవచ్చు, ఊరికే ఓర్చుకోవడం కష్టం. అయినా సాధన మానలేదు. గిన్నెలో ఐసు పోసి, ప్రార్థన మొత్తం అయ్యేదాకా అందులో చెయ్యి పెట్టి ఉంచుతున్నాను. మొదటిరోజు మూడో చరణానికే తీసేశాను. ఇప్పుడు చివరిదాకా ఉండగలను. మీ బావ, అదెంత పని, అని పౌరుషానికి పోయి చెయ్యి పెట్టి, నలభై లెక్కపెట్టేసరికి పెట్టిన కేకకు పై వాటా ఆవిడ దిగొచ్చింది. చెవి డాక్టరు ఈసారి చీము తీసేటప్పుడు తిమ్మిరి మందు వేయవద్దని కూడా చెప్పాను. ఆయన నన్ను అదోలా చూశాడు.

అరిచినా ఎవరూ ఏమీ అనుకోరని రాసి మంచి పని చేశావు. నా మనసు తేలికపడింది. కొన్ని సంగతులు మాత్రం అడగాలి. పళ్ల మధ్య గుడ్డ పెట్టుకోనిస్తారా? మీ బావ నా చెయ్యి పట్టుకుని ఉండవచ్చా, లేక ఆయన అరుస్తారని బయటే ఉంచుతారా? నాకు వినపడదు కనుక, డ్రిల్లు మొదలుపెట్టే ముందు సర్జన్‌ను నా భుజం తట్టమను. చెప్పకుండా మొదలుపెడితే కదిలిపోతానేమోనని.

నిన్ను నమ్ముకున్న
అక్క

ఏప్రిల్ 2

అక్కా,

ముందు ఐసులోంచి చెయ్యి తియ్యి.

నువ్వు నిద్రపోతావు. హాయిగా, ఒళ్లు తెలియకుండా, పసిపిల్లలా నిద్రపోతావు. నిద్రపుచ్చడానికి గ్యాస్ ఒక్కటే కాదు, వేరే మందుంది. పాలలా తెల్లగా ఉంటుంది. చేతి నరంలోకి సన్నని గొట్టం పెట్టి ఆపరేషన్ అయ్యేదాకా పంపుతూనే ఉంటారు. అది కండరాలకు ఏ కీడూ చేయదు. నొప్పికి ఇంకో మందు. నీకు డ్రిల్లూ తెలియదు, సర్జనూ తెలియడు.

రోజూ చేసే పని కనుక ఇది రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. గ్యాస్ లేదు అన్నాను గాని నిద్ర ఉంది అనలేదు. నీ ఉత్తరం చూపిస్తే డాక్టరమ్మ కుర్చీలోంచి జారిపోయేంత నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "ఇరవై రెండేళ్లలో నువ్వు చేసిన తప్పు ఇదొక్కటే. కానీ మంచి మనిషి మీద చేశావు" అంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మెలకువగా ఎముక తొలుస్తారని అనుకుని, నేను రాశాను కదాని వస్తానన్నావు. అడగవేమే అక్కా? నోరు విప్పి, ఇదేమిటే పిచ్చుకా అని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోతుంది? నేను గలగలా వాగి ముఖ్యమైంది వదిలేస్తాను, నువ్వు మౌనంగా ఉండి ఉన్నదాన్ని మింగేస్తావు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతాం.

గుడ్డ తేవద్దు. బావగారిని బయటే కూర్చోబెడతాం, నువ్వు ఊహించిన కారణంతోనే.

సిగ్గుతో
నీ చెల్లెలు

మే 6

పిచ్చుకమ్మా,

ఇల్లు చేరి మూడు వారాలైంది. మీ ఆసుపత్రిలో పక్కనే ఉన్నా నీతో సరిగా మాట్లాడలేకపోయాను. చెవికి కట్టు, నీకు కన్నీళ్లు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లినప్పుడు నాకు ముందుగా కనిపించింది యంత్రానికి అంటించిన ఎర్రకాగితం. అంత పెద్ద ఆసుపత్రి, అన్ని మెరిసే సామాన్ల మధ్య నీ కోడిగీతల రాత: "ఇవాళ గ్యాస్ వద్దు. మా అక్క." ఇంకేమీ లేదు. నాకు ప్రార్థన కూడా గుర్తు రాలేదు. ఆ రెండు ముక్కలే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. డాక్టరమ్మ వేళ్లతో పది చూపించి లెక్కపెట్టమంది. నాలుగు దాకా గుర్తుంది. అన్ని రోజుల ఐసు సాధన వృథా పోయింది. మీ బావ మాత్రం ఇంకా చేస్తున్నారు, పంతంతో. నిన్న అరవై దాటారు.

కళ్లు తెరిచేసరికి నువ్వు నా నుదుటి మీద చెయ్యి పెట్టి ఉన్నావు. ఒళ్లు చల్లగా ఉందని నర్సుకు, సర్జన్‌కు, నేల తుడిచే ఆవిడకు కూడా చెబుతున్నావని నీ పెదాలు చూస్తే తెలిసింది. ముప్పై ఆరు సీసాలూ మూత తీయకుండా బల్ల మీద బారులు తీరి ఉన్నాయి. వాటిని చూస్తే, నాకోసం వచ్చి పని లేక నిలబడ్డ చుట్టాల్లా అనిపించాయి. నా గొంతు ఎండిపోయింది. అడగలేదు. నువ్వు డాక్టరమ్మ వైపు చూశావు, ఆవిడ తల ఊపింది. అప్పుడు చెంచాతో నీళ్లు నా నోట్లో పోశావు. రెండుసార్లు. కావాలనే రెండుసార్లు పోశావని నాకు తెలుసు.

ఆ చెంచా నా సంచిలో వచ్చేసింది. మీ ఆసుపత్రిదైతే చెప్పు, పంపిస్తాను. లేకపోతే ఉంచుకుంటాను.

డాక్టరమ్మ ఇచ్చిన చీటీ, గ్యాస్ పెట్టకూడదని రాసినది, పర్సులో పెట్టుకున్నాను. నీకూ ఒకటి ఇచ్చిందిగా, నువ్వూ దూదిబొమ్మవే. దాన్ని సొరుగులో పడేయకుండా ఒంటి మీద ఉంచుకో. ఇది అక్క ఆజ్ఞ.

ఇక అసలు సంగతి. సోమవారం ఇక్కడి డాక్టరు చెవిలోని దూది తీశాడు. ఆ గదిలో ఏమీ తెలియలేదు. బయట మెట్లు దిగుతుంటే చెప్పుల చప్పుడు వినిపించి, వెనక ఎవరో వస్తున్నారనుకుని పక్కకు జరిగాను. అవి నా చెప్పులే.

మీ బావకు వెంటనే చెప్పలేదు. నన్ను దొంగ అను, సరే. రెండు రోజులు ఊరుకున్నాను. నేను అటు తిరిగితే చాలు, ఆయన కూరతో మాట్లాడతారే పిచ్చుకా. "ఇవాళా ఉప్పు మరిచిపోయిందమ్మా నీ యజమానురాలు" అని కూరకే చెప్పి, కిక్కురుమనకుండా తినేస్తారు. ఇన్నేళ్లూ అలాగే తిన్నారన్నమాట. మూడో రోజు నేను ప్రార్థన చేస్తుంటే వెనక నిలబడి, ఎవరికీ వినపడకూడదన్నంత చిన్న గొంతుతో అన్నారు, ఆయనకు అంత చిన్న గొంతుందని నాకు తెలియదు, "చెవి వచ్చినా రాకపోయినా సరే స్వామీ, మనిషిని తిరిగి పంపావు, చాలు."

నేను వెనక్కి తిరగకుండానే, "వచ్చింది" అన్నాను.

తర్వాత ఆయన వేసిన కేక ఇస్త్రీ కొట్టు దాటి వెళ్లింది. నాకు చెవి నొప్పి పుట్టింది. అది కూడా బాగుంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. కుడిచెవికే పెట్టుకుంటాను. నలభై ఏళ్లలో నిన్ను అడగనివన్నీ అడుగుతాను, నువ్వు ఒక్కోదానికీ గంట జవాబు చెబుతావు. చాలాసేపు పడుతుంది కనుక, మొదలుపెట్టే ముందు ఒక గ్లాసెడు నీళ్లు తాగు.

వింటూ ఉండే
అక్క